పాఠం కోసం పుస్తకంలో అధ్యాయాలు జిరాక్స్ తీయిస్తే కాపీరైట్ ఉల్లంఘన అవుతుందా?

మేడమ్, నమస్తే. మీరు అడిగినవి చాలా ఉన్నాయి కాబట్టి ముందు వాటిని ఒకచోట పెట్టుకుందాం. మీరు ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్తున్నారు. నాలుగైదు పుస్తకాల్లోంచి ఒక్కో అధ్యాయం తీసి, కట్టగా జిరాక్స్ చేయించి పిల్లలకు ఇద్దామనుకున్నారు. పబ్లిషర్లు నోటీసు పంపుతారని ప్రిన్సిపాల్ గారు ఆపేశారు. పది శాతం దాటకపోతే ఏమీ కాదని స్టాఫ్ రూమ్‌లో ఎవరో ధైర్యం చెప్పారు. వీటితో పాటు స్కాన్ చేసి గ్రూపులో పెట్టడం, క్లాసులో డాక్యుమెంటరీ వేయడం, పాఠం వీడియో యూట్యూబ్‌లో పెట్టడం గురించి అడిగారు. మీ తెలుగు శాఖ వాళ్లు సొంతంగా ఒక కవితా సంకలనం అచ్చు వేస్తున్నారన్న సంగతి చివర్లో మాటవరసకు రాశారు. నన్నడిగితే మీ కాలేజీలో అసలు టెన్షన్ పడాల్సిన పని అదొక్కటే.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం చేసినవాణ్ణి. ఈ చట్టంతో చాలాకాలం కుస్తీ పట్టాను. మన లెక్చరర్లు చట్టం ఒప్పుకున్న చోట వణుకుతారు, ఒప్పుకోని చోట ధీమాగా ఉంటారు. రెండు అధ్యాయాల జిరాక్స్‌కి జంకే మనిషే, అదే పుస్తకం మొత్తం పీడీఎఫ్‌ని టెలిగ్రామ్ ఛానల్‌లో నిశ్చింతగా పెట్టేస్తాడు.

ముందు ఆ పది శాతం సంగతి తేల్చేద్దాం. మన కాపీరైట్ చట్టం, 1957లో బోధనకు సంబంధించి శాతాల లెక్క ఎక్కడా లేదు. ఆస్ట్రేలియా చట్టంలో పుస్తకానికి పది శాతం లేదా ఒక అధ్యాయం అనే కొలత ఉంది. బ్రిటన్‌లో విద్యాసంస్థలు పన్నెండు నెలల్లో ఒక రచనలో 5 శాతానికి మించి నకలు తీయకూడదని చట్టంలోనే రాశారు. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ కేసులో కింది కోర్టు పది శాతం లేదా ఒక అధ్యాయం అని గీత గీస్తే, అలా అంకెతో కొలవడం తప్పని 2014లో అప్పీలు కోర్టు ఆ లెక్కను తోసిపుచ్చింది. ఆయా దేశాల్లో పాఠాలు చెప్పే మనవాళ్లు అక్కడి లెక్క ప్రకారం నడుచుకోవాల్సిందే, అది వేరే విషయం. మన స్టాఫ్ రూముల్లో ఈ అంకె ఇంతగా పాతుకుపోవడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. యూజీసీ 2018లో తెచ్చిన ప్లేజియరిజం నిబంధనల్లో, థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఆ అంకెను పట్టుకొచ్చి ఇక్కడ అతికించేశారు. రెంటికీ సంబంధమే లేదు. ఒక్క పేరా వాడుకుని రచయిత పేరు దాచేస్తే అది ప్లేజియరిజం. రచయిత పేరు పెద్దక్షరాల్లో వేసి పుస్తకమంతా అచ్చుకొట్టి అమ్ముకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన.

ఇక మన చట్టం. ఏ పనులు ఉల్లంఘన కిందికి రావో సెక్షన్ 52 చెబుతుంది. అందులో మీకు కావాల్సిన క్లాజులు ప్రధానంగా రెండు, ఆ రెంటినీ కలిపేసుకోవడం వల్లే ఇంత గందరగోళం. 52(1)(ఎ) ఫెయిర్ డీలింగ్ గురించి: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వ్యవహారాల వార్తలు. ఇక్కడ వాడకం న్యాయంగా ఉందా లేదా అని కోర్టు తూచి చూస్తుంది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు రచనకు పోటీ అవుతుందా అన్న మూడు విషయాలూ చూడాలని కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో చెప్పింది. రెండోది 52(1)(ఐ). టీచరు గాని విద్యార్థి గాని బోధనలో భాగంగా ఏ రచననైనా నకలు తీయవచ్చు, పరీక్ష ప్రశ్నలో భాగంగా ఇవ్వవచ్చు, జవాబులో రాయవచ్చు. ఈ క్లాజులో ఫెయిర్ అన్న మాటే లేదు. వర్క్‌షాపుల్లో స్లైడు వేసి చూపించే ‘ఫెయిర్ యూజ్ నాలుగు సూత్రాలు’ అమెరికా చట్టం సెక్షన్ 107లోవి. ఇక్కడి లెక్చరర్‌కి వాటితో పని లేదు.

ఈ (ఐ) క్లాజు ఎంత దూరం వెళ్తుందో తేల్చింది ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ అని చిన్న షాపు ఉంది. అధ్యాపకులు సిలబస్ ప్రకారం ఏ పుస్తకంలో ఏ పేజీలు కావాలో చెప్తే, లైబ్రరీ పుస్తకాల్లోంచి ఆ పేజీలు తీసి, బైండ్ చేసి, పేజీకి పైసల లెక్కన విద్యార్థులకు ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి షాపు మీదా యూనివర్సిటీ మీదా దావా వేశాయి. నష్టపరిహారం 60 లక్షల రూపాయలు అడిగాయి. తమాషా ఏమిటంటే ఏ రచయితల పేరు చెప్పి దావా వేశారో ఆ రచయితల్లో పలువురు విద్యార్థుల పక్షాన నిలబడ్డారు. అమర్త్య సేన్ దావా వెనక్కి తీసుకోమని పబ్లిషర్లకు లేఖ రాశారు.

పబ్లిషర్ల వాదన వినడానికి బాగానే ఉంటుంది. బోధన అంటే క్లాసులో జరిగేది, అక్కడ టీచరు బోర్డు మీద ఒక పద్యం రాసుకోవచ్చు గాని, షాపువాడు వందల కాపీలు తీసి ఇస్తే అది బోధన ఎలా అవుతుంది అన్నారు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ వాదనను కొట్టేశారు. బోధన గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే ఆగిపోయేది కాదు, టీచరు పాఠం సిద్ధం చేసుకోవడమూ, పిల్లలు ముందూ వెనకా చదువుకోవడమూ అందులో భాగమే అన్నారు. ఆ తీర్పులో ఆయన తన లా కాలేజీ రోజులు కూడా ప్రస్తావించారు. అప్పట్లో జిరాక్స్ అరుదు, ఖరీదు. విద్యార్థులు వంతులు వేసుకుని లైబ్రరీలో కూర్చుని అధ్యాయాలకు అధ్యాయాలు చేత్తో రాసుకునేవాళ్లు, తర్వాత వాటికి కార్బన్ కాపీలో జిరాక్సులో తీసి పంచుకునేవాళ్లు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది మెషీన్ రాగానే తప్పెలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. కాపీరైట్ దేవుడిచ్చిన హక్కూ కాదు, సహజ హక్కూ కాదు, జ్ఞానం పెరగడానికి చట్టం కల్పించిన హక్కు అని కూడా రాశారు.

అదే ఏడాది డిసెంబరు 9న అప్పీలు విన్న డివిజన్ బెంచ్, అంటే అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం, చాలావరకు దీన్నే నిలబెట్టింది. బోధనకు ఎంత అవసరమో అంత వాడుకోవచ్చు, శాతాలతో పని లేదు, కాపీ తీసేది టీచరు చెయ్యా షాపు మెషీనా అన్నది ముఖ్యం కాదు అంది. చదువుకున్నవాళ్లు పెరిగితే రేపు పుస్తకాలు కొనేవాళ్లూ పెరుగుతారని కూడా గుర్తు చేసింది. మీ ప్రిన్సిపాల్ గారికి చూపించాల్సిన పేజీలు ఇవే.

అయితే ఈ తీర్పును చాలామంది సగమే చదువుతారు. డివిజన్ బెంచ్ రెండు విషయాలను తేల్చకుండా విచారణకు వెనక్కి పంపింది. కోర్సు ప్యాక్‌లో, అంటే అలా బైండ్ చేసిన జిరాక్స్ కట్టలో, పెట్టిన ప్రతి భాగమూ ఆ కోర్సుకు నిజంగా అవసరమా అన్నది ఒకటి. మొత్తం పుస్తకాన్నే నకలు తీస్తే చెల్లుతుందా అన్నది రెండోది. ఆ విచారణ జరగనే లేదు. 2017 మార్చిలో పబ్లిషర్లు దావా ఉపసంహరించుకున్నారు. లైసెన్సింగ్ సంస్థ ఐఆర్‌ఆర్‌ఓ సుప్రీంకోర్టుకు వెళ్తే మే నెలలో ఆ పిటిషన్‌ను కొట్టేశారు. కాబట్టి మొత్తం పుస్తకం సంగతి ఈ కేసులో తేలలేదు. ఢిల్లీ కోర్టు ఒప్పుకుందని చెప్పి పుస్తకాలకు పుస్తకాలే స్పైరల్ బైండింగ్ చేయించేవాళ్లు ఆ తీర్పులో లేనిది చదువుతున్నారు. ఇంకో సంగతి, ఢిల్లీ హైకోర్టు మాట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులకు శిరోధార్యం ఏమీ కాదు. చట్టం కేంద్రానిది, తీర్పు వివరమైనది, కాబట్టి మన కోర్టులు దానికి విలువ ఇస్తాయి గాని ఇచ్చి తీరాలని లేదు.

ఇప్పుడు మీ కట్ట గురించి. నేనైతే ఇలా చేయిస్తాను. మొదటి పేజీ మీద కోర్సు పేరు, సెమిస్టర్, ఏ యూనిట్‌కి ఏ అధ్యాయమో రాయండి. ఒక్కో అధ్యాయం ముందు రచయిత, పుస్తకం, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నంబర్లు ఇవ్వండి. అధ్యాయం మీ సిలబస్‌లో ఉన్న అంశానిదే అయి ఉండాలి, బాగుంది కదా అని ఇంకో రెండు చేర్చకండి. క్లాసులో ఎంతమంది ఉంటే అన్ని కాపీలే తీయించండి. జిరాక్స్ షాపు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. మన కాలేజీ గేట్ల ఎదుట షాపుల్లో ‘పొలిటికల్ సైన్స్ మూడో సెమ్’ అని స్కెచ్ పెన్నుతో రాసిన కట్టలు అరల్లో వరసగా ఉంటాయి, ఏ కాలేజీవాడు వచ్చి అడిగినా తీసి ఇస్తారు. అక్కడికి వచ్చేసరికి అది బోధన కాదు, పుస్తకాల అంగడి. మాస్టర్ కాపీ మీ దగ్గరే పెట్టుకోండి. కాలేజీ దాని మీద లాభం వేసుకుని అమ్మకూడదు, జిరాక్స్ ఖర్చు తీసుకుంటే చాలు.

మొత్తం పుస్తకమే కావాలంటే లైబ్రరీ చేత కొనిపించండి. మార్కెట్లో దొరకని పాత పుస్తకమైతే ఒక దారి ఉంది. దేశంలో అమ్మకానికి లేని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకం కోసం మూడు కాపీల దాకా తీసుకోవచ్చని 52(1)(ఓ) చెబుతోంది. ముద్రణ ఆగిపోయిన తెలుగు పుస్తకాలకు ఇది బాగా పనికొస్తుంది, కానీ ఎవరూ వాడుకోరు.

గ్రూపులో పీడీఎఫ్ పెట్టడం దగ్గర చట్టం కాస్త మసగ్గా ఉంది. (ఐ) క్లాజు నకలు తీయడం గురించే మాట్లాడుతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో దాచడం కూడా నకలు కిందికే వస్తుందని సెక్షన్ 14 చెప్తుంది కాబట్టి, స్కాన్ చేసి మీ కోర్సులో చేరినవాళ్లకే కనబడే గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టడాన్ని సమర్థించుకోవచ్చని నా అభిప్రాయం. అందరికీ తెరిచి ఉన్న చోట పెడితే మాత్రం అది ‘ప్రజలకు అందించడం’ అనే ఇంకో హక్కు జోలికి పోతుంది, ఆ మాట ఈ క్లాజులో లేదు. వాట్సాప్ గ్రూపు చూడ్డానికి మూసి ఉన్నట్టే ఉంటుంది గాని, ఒక్క ఫార్వర్డ్‌తో జిల్లా దాటుతుంది. అందుకే క్లాస్‌రూమ్ లింకు మేలు, సెమిస్టర్ అయ్యాక తీసేయండి.

లైబ్రరీ చందా కట్టి తెచ్చుకున్న ఈ-జర్నళ్ల విషయంలో సెక్షన్ 52 ఒక్కటే చూస్తే సరిపోదు, లైసెన్సు ఒప్పందం కూడా చూడాలి. ఫైలు పెట్టకుండా లింకు ఇవ్వడం అన్నిటికన్నా సుఖం. ఒకేసారి వందల పేపర్లు డౌన్‌లోడ్ చేశారంటే పబ్లిషరు మీ క్యాంపస్ మొత్తానికి యాక్సెస్ ఆపేస్తాడు, తిట్లు లైబ్రేరియన్‌కి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ఉందో లేదో కనుక్కోండి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ మూడేళ్లకు 6,000 కోట్లతో దాన్ని ఆమోదించింది, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు అందులో ఉన్నాయి. మీకు కావాల్సిన వ్యాసం అక్కడే దొరికితే జిరాక్స్ గొడవే ఉండదు.

డాక్యుమెంటరీ హాయిగా చూపించండి. ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే 52(1)(జె) ఒప్పుకుంటుంది. టికెట్టు పెట్టి బయటివాళ్లను పిలిస్తే వర్తించదు. ఓటీటీ అకౌంట్‌లో వేస్తే మాత్రం వాళ్ల షరతులు వేరు. డీవీడీ గాని, నిర్మాతలే పెట్టిన లింకు గాని వాడుకోండి.

యూట్యూబ్ పాఠం క్లాసు గది కాదు, ఎవరైనా చూస్తారు. అక్కడ (ఐ) క్లాజు మీద బరువు పెట్టకండి, (ఎ)లో విమర్శ, సమీక్ష అన్న మాట మీద నిలబడండి. అంటే ఒక పట్టికనో పేరానో తెర మీద చూపిస్తే దాని గురించి మాట్లాడండి, తప్పొప్పులు విప్పి చెప్పండి, పక్కనే రచయిత పేరు ఉండాలి. అలంకారానికి పెట్టే ఫొటోలు, వెనకాల వచ్చే సినిమా పాట వద్దు. యూట్యూబ్ మెషీన్‌కి మన సెక్షన్ 52 తెలియదు, పాట దొరికితే క్లెయిమ్ వేసేస్తుంది, మీరు అప్పీలు చేసుకుంటూ కూర్చోవాలి. నా సలహా, వీడియోని అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు మీ పిల్లలకే ఇవ్వండి.

ఇక సంకలనం. మీ తెలుగు శాఖవాళ్లు దీన్ని కోర్సు ప్యాక్ లాంటిదే అనుకుంటున్నట్టున్నారు. కాదు. అచ్చేసి, ఐఎస్‌బీఎన్ వేసి, ఏటా పిల్లలకు అమ్మే పుస్తకం ప్రచురణ కిందికి వస్తుంది. దానికి 52(1)(హెచ్) అనే వేరే క్లాజు ఉంది, షరతులు గట్టివి. సంకలనంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలే ఉండాలి. బోధన కోసమే వేశారని పేరులోనూ ప్రకటనల్లోనూ చెప్పాలి. కాపీరైట్ ఉన్న రచనల్లోంచి చిన్న భాగాలే తీసుకోవాలి, అవి అప్పటికే పాఠ్యపుస్తకాల కోసం రాసినవి కాకూడదు. ఒకే ప్రచురణకర్త ఐదేళ్లలో ఒక రచయితవి రెండు భాగాలకు మించి వేయకూడదు. ‘ఆధునిక కవిత్వం’ పేపర్ కోసం వేసే పుస్తకంలో సగానికి పైగా బతికున్న కవులే ఉంటారు కదా, మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. అనుమతులు తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

ఎవరి అనుమతి కావాలో తెలియాలంటే రచయిత పోయిన సంవత్సరం చూడండి. దాని తర్వాత 60 ఏళ్లు, క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా లెక్క. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. జాషువా 1971లో పోయారు కాబట్టి 2031 చివరిదాకా హక్కులుంటాయి. శ్రీశ్రీ 1983, అంటే 2043 చివరిదాకా. ప్రాచీన కవుల దగ్గర ఇంకో మెలిక ఉంది. నన్నయ పద్యానికి కాపీరైట్ లేదు గాని, నిరుడు ఎవరో పండితుడు దానికి రాసిన తాత్పర్యానికి ఉంది. తాత్పర్యంతో సహా స్కాన్ చేసి సంకలనంలోకి ఎక్కించడం నేను చాలాచోట్ల చూశాను. మూలం తీసుకుని తాత్పర్యం మీవాళ్లే రాసుకుంటే పోతుంది. అనువాదాలదీ అదే దారి, మూల రచయితకు ఎంత హక్కుందో అనువాదకుడికీ తన అనువాదం మీద అంత హక్కుంది.

అనుమతి ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. పుస్తకం వేసిన పబ్లిషర్‌నే అడగాలని అనుకుంటారు. తెలుగులో రచయితకూ పబ్లిషర్‌కూ మధ్య చాలాసార్లు ఒక చిన్న కాగితమే ఉంటుంది, గడువు రాసుకోరు. 1995 మే తర్వాత చేసిన ఒప్పందాల్లో హక్కుల బదిలీకి గడువు చెప్పకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది, ఆ తర్వాత హక్కు రచయితకో వారసులకో తిరిగి వస్తుంది. అందుకని ఇద్దరికీ రాయండి. ఉత్తరంలో ఏ కవిత, ఏ సెమిస్టర్, ఎన్ని కాపీలు, ధర ఎంత, ఎన్నేళ్లు వాడతారు అన్నవి ఉండాలి. కవులు చాలావరకు డబ్బులు అడగరు, రెండు ప్రతులు పంపమంటారు అంతే. నోటిమాట ఒప్పుకోలు చాలదు, కనీసం మెయిల్‌లోనైనా తీసుకుని దాచుకోండి, ప్రిన్సిపాల్ మారినప్పుడు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

మీ క్లాసులో చూపు లేని విద్యార్థి ఉన్నాడని రాశారు. అతనికి మాత్రం మొత్తం పుస్తకమే స్కాన్ చేసి, స్క్రీన్ రీడర్ చదివేలా గాని ఆడియోగా గాని ఇవ్వండి. 2012 సవరణతో వచ్చిన 52(1)(జెడ్‌బి) దీన్ని నేరుగా ఒప్పుకుంటుంది. మామూలుగా చదవలేనివాళ్లకు అందించడానికి అయి ఉండాలి, లాభం తీసుకోకూడదు. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందడం కోసం దేశాలు చేసుకున్న మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఇందులో ఎవరి అనుమతీ అక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారి సంతకం కూడా.

సంకలనం విషయసూచిక ప్రెస్‌కి వెళ్లకముందే ఒకసారి ఇక్కడ రాయండి. ఎవరివి అలాగే వేసుకోవచ్చో, ఎవరికి ఉత్తరం రాయాలో చూసి చెప్తాను.